బాపు ఇచ్చిన జబాన్

పోయిన వారం మనం సంతోషిని నడి ఇరకాటంలో వదిలేసి వచ్చాం. దీపావళి సెలవులు. సూరత్‌లో సంతోషి వాళ్ళుండే వడోద్‌లో సాంచాలన్నీ, అంటే బట్ట నేసే మరమగ్గాలన్నీ, ఆగిపోయి, ఆ చప్పుడు లేకపోవడంతో గల్లీల్లో మనుషులకు తోచడం లేదు. ఎల్లుండి లాభ్ పాంచమ్. సూరత్‌లో దుకాణాలూ ఆఫీసులూ ముహూర్తం చూసుకుని మళ్ళీ తెరుచుకునే రోజు. సంతోషి పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీ కూడా ఆ రోజే తెరుస్తుంది. ఇక మీదట ఏ పని నేర్చుకుని ఏ టీములో ఉంటారో ఆలోగా తేల్చుకుని రమ్మని యజమాని కల్పేశ్ భాయ్ అందరికీ చెప్పాడు. ఒకటి ఫోన్ యాప్‌లకు స్క్రీన్లు తయారుచేసే పాత టీము. దానికి పెద్ద హిమశ్రీ; సంతోషికి పని నేర్పింది ఆమే. రెండోది కొత్త టీము. స్క్రీన్ల వెనక ఉండే డేటా, సర్వర్లు, ఫ్యాక్టరీల్లో మిషన్ల నుంచి వచ్చే సమాచారం దాని పని. అందులో పాతవాళ్ళకు మిగిలింది ఒక్కటే సీటు. ఆ సీటు అడగాలనే సంతోషి సెలవుల్లో గుట్టుగా చదువుకుంటోంది. అలా ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చున్న సాయంత్రమే హిమశ్రీ చెప్పాపెట్టకుండా వచ్చి గుమ్మంలో నిలబడింది.

సంతోషి ల్యాప్‌టాప్ టప్పున మూసేసింది. పక్కింటి పెరట్లో జామకాయ కోస్తూ దొరికిపోయిన పిల్ల కూడా అంతకంటే నిదానంగానే ఉంటుంది.  ఆమె బాపు అని పిలిచే నాన్న పరుశురామే రండి మేడం అన్నాడు. అనడమే కాదు, భుజం మీది తువ్వాలు తీసి ప్లాస్టిక్ కుర్చీ రెండుసార్లు తుడిచి మరీ వేశాడు. సంతోషి తల్లి లత చాయ్ పెట్టి, పండక్కి చేసిన గరిజెలు పళ్ళెంలో తెచ్చి ఇచ్చింది. హిమశ్రీ ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి.

పరుశురాం హడావుడికి కారణం ఉంది. అతని లెక్కలో వచ్చింది ఆఫీసు మేడం కాదు, కూతురి ఉస్తాద్. సాంచాల పనిలో ఉస్తాద్ అంటే చిన్న మాట కాదు. ఊళ్ళోంచి కుర్రాణ్ణి తీసుకొచ్చి, తన సాంచాల పక్కన నిలబెట్టుకుని, తెగిన పోగు ఎలా అతకాలో చూపించి, యజమాని సేఠ్ దగ్గర వీడికి నేను పూచీ అని చెప్పేవాడు ఉస్తాద్. అలాంటి మనిషిని వదిలి ఇంకొకరి దగ్గర ఇంకో రకం పని నేర్చుకోవాలంటే ముందు ఆయన సెలవు తీసుకోవాలి. అసలు ఆ సెలవు అడగడమే తప్పనుకునేవాళ్ళు కూడా ఉన్నారు. పరుశురాం ఆ రెండో రకం.

అతన్ని సిరిసిల్ల పక్క పల్లె నుంచి తీసుకొచ్చింది సాంబయ్య. నీటి ధారతో నేసే కొత్త వాటర్‌జెట్ సాంచాలు వచ్చిన రోజుల్లో తోటివాళ్ళు ఒక్కొక్కరే కొత్త పని నేర్చుకోవడానికి వెళ్ళిపోయారు. సాంబయ్య వెళ్ళలేదు కాబట్టి పరుశురామూ వెళ్ళలేదు. తర్వాత సాంబయ్య ముసలితనాన ఊరికి వెళ్ళిపోయాడు. వెళ్ళిన తోటివాళ్ళు మాస్టర్లై పదిమందికి పని చెబుతున్నారు. పరుశురాం మాత్రం వడోద్ పక్కనే ఉన్న పాండేసరాలో ఇప్పటికీ అవే పాత సాంచాల మధ్య తిరుగుతున్నాడు. దీని గురించి అతను బాధపడగా సంతోషి ఎన్నడూ చూడలేదు. పైగా అది చెప్పుకోవడం అతనికి ఇష్టం.

ఇప్పుడు కూడా చెప్పాడు. చాయ్ కప్పు హిమశ్రీ చేతికి అందిస్తూ, ఊరిలో మొదలుపెట్టి సాంబయ్య దాకా అంతా చెప్పి, చివరికి కూతురి మీదికి వచ్చాడు.

"మా పోరి మిమ్ములను ఇడిసిపెట్టి యాడికీ పోదు మేడం. నేను సాంబయ్య ఉస్తాద్‌ను ఇడిసిన్నా? గిది గూడ గంతే. మా ఇంట్ల ఆ అలవాటు లేదు."

సంతోషికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తండ్రి మీద ప్రేమా కోపమూ ఒకేసారి పొంగుకొచ్చాయి. ఆయన మంచితనం ఆయన్ని ఎక్కడ నిలబెట్టిందో ఆమెకు తెలుసు, ఆయనకు తెలియదు. తెలియచెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. హిమశ్రీ గరిజె సగం తిని, బాగున్నాయని లతతో చెప్పి, కాసేపు మేడ మీదికి వెళ్దామా అని సంతోషిని అడిగింది.

మేడ మీద నీళ్ళ ట్యాంకులూ ఆరేసిన బట్టలూ తప్ప ఎవరూ లేరు. సెలవులు కావడంతో పాండేసరా పొగగొట్టాలు కూడా ఖాళీగా ఉన్నాయి. కింద గల్లీలో పిల్లలు మిగిలిపోయిన టపాకాయలు వెతుక్కుంటున్నారు. హిమశ్రీ పిట్టగోడకు ఆనుకుని, చుట్టూ తిప్పకుండా, ఇందాక ల్యాప్‌టాప్‌లో ఏం చూస్తున్నావని అడిగింది. సంతోషి సినిమా అంది.

"సినిమాలో డేటాబేస్ టేబుళ్ళు ఉంటాయా?"

 దొరికిపోయాక ఇంకా దాచడమెందుకని సంతోషి మొత్తం చెప్పేసింది. చెప్పడం మొదలుపెట్టాక ఆపలేకపోయింది కూడా. ఆమె చెప్పింది దీపావళి ముందు ఆఫీసులో జరిగిన సంగతి. హిమశ్రీ కళ్ళముందు జరిగిందే, కానీ సంతోషి వైపు నుంచి ఎవరూ వినలేదు.

రింగ్‌రోడ్డులో ఒక బట్టల వ్యాపారి కోసం వాళ్ళు యాప్ చేశారు. గోదాములో బట్టల కట్ట వచ్చినప్పుడల్లా కుర్రాళ్ళు ఫోన్‌లో బటన్ నొక్కితే సరుకు నమోదవుతుంది. దాని స్క్రీన్ల కోసం సంతోషి వారాల తరబడి తల బద్దలు కొట్టుకుంది. అంత కష్టపడి చేసినదాన్ని పోలినదే కల్పేశ్ భాయ్ మేనల్లుడు ఏఐని అడిగి ఒక మధ్యాహ్నంలో తయారుచేసి చూపించాడు. అది చూసి ఆమె చిన్నబుచ్చుకుంది, సర్దుకుంది. అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. పండుగ అమ్మకాల నడుమ వ్యాపారికి లేని సరుకు ఉన్నట్టు కనబడటం మొదలైంది. ఉందనుకుని అతను పార్టీలకు మాట ఇచ్చేసి, తీరా గోదాములో చూస్తే ఖాళీ. అతను ఆఫీసుకు వచ్చి నానా మాటలూ అన్నాడు. మేనల్లుడు ఏఐని అడిగితే అది గుక్క తిప్పుకోకుండా సలహాలిచ్చింది. ప్రతి సలహాకూ స్క్రీన్లు మారాయి, తప్పు మాత్రం అలాగే ఉంది. సంతోషి స్క్రీన్లు తెరిచింది, మూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. చివరికి కల్పేశ్ భాయ్ బయటి నుంచి ఒక మనిషిని పిలిపించాడు. ఆయన సంతోషి పక్కన కూర్చుని, ఈ బటన్ నొక్కాక ఏమవుతుందమ్మా అని మామూలుగా అడిగాడు. ఆమె దగ్గర జవాబు లేదు. గోదాము భూమి కింద ఉంది, అక్కడ సిగ్నల్ ఉండీ లేనట్టుంటుంది. అందిందని కబురు రాకపోయేసరికి ఫోన్ అదే సరుకును మళ్ళీ పంపేది, సర్వర్ దాన్ని కొత్త సరుకనుకుని మళ్ళీ రాసుకునేది. ఆయన కనిపెట్టింది అదీ.

"బటన్ దాకనే నాకు తెలుసు మేడం," అంది సంతోషి. "ఇన్నేండ్లు బటన్ దాకనే పని చేసిన. అటుపక్క ఏమైతదో ఎన్నడు అడగలే. ఆయన అడిగినప్పుడు మస్తు సిగ్గనిపించింది. అందుకే కొత్త టీములకు పోదామని చదువుతున్న. మీకు చెప్పాలంటే భయమైంది."

తిడుతుందనుకుంది. హిమశ్రీ తిట్టలేదు. దుపట్టా అంచును వేళ్ళకు చుట్టుకుంది.

"ఆ రోజు ఆయన నిన్ను అడిగాడు, నన్ను అడగలేదు," అంది. "అడిగి ఉంటే నేనూ నీలాగే నిలబడేదాన్ని. నన్ను అడక్కుండా ఉంటే చాలని నీ వెనక నిలబడి మొక్కుకున్నాను సంతోషీ."

సంతోషి నమ్మలేదు. హిమశ్రీ మేడంకి తెలియనిది ఉంటుందని ఆమెకు ఎన్నడూ తట్టలేదు. ఉస్తాద్‌కు అన్నీ తెలుసనుకోవడం ఆ ఇంట్లో పుట్టినవాళ్ళకు పాలతో వచ్చిన బుద్ధి. హిమశ్రీ తన సంగతి చెప్పుకుపోయింది. హైదరాబాదులో మొదటి కంపెనీ ఏ టూల్ చేతిలో పెడితే అదే నేర్చుకుంది. అది పాతబడింది. ఇంకోటి నేర్చుకుంది. అదీ పాతబడింది. పెళ్ళయ్యాక భర్త రాధాకృష్ణకు సూరత్ పక్కన హజీరాలో ఉద్యోగం కావడంతో ఇక్కడికి వచ్చి ఇప్పటిది నేర్చుకుంది. నేర్చుకున్న ప్రతిసారీ ఎంత తొందరగా నేర్చుకుందో అని అందరూ మెచ్చుకున్నారు, ఆమె కూడా మురిసిపోయింది. ఇప్పుడు వెనక్కి చూసుకుంటే అన్నిసార్లూ నేర్చుకున్నది అదే పని, స్క్రీన్లు చేయడం. వాటి కిందిది, అంటే డేటా ఎలా దాచాలి, ఒక మిషను ఇంకో మిషనుతో ఎలా మాట్లాడుతుంది, దారిలో మాట పోతే ఎవరికి తెలియాలి, ఇదంతా కాలేజీలో పాఠంగా చెప్పారు. విసుగని గైడు చదివి పరీక్ష గట్టెక్కింది. టూళ్ళు ఎన్ని మారినా ఆ పాఠం పెద్దగా మారలేదని ఈ సెలవుల్లో ఆ పాత పుస్తకం మళ్ళీ తెరిచాకే తెలిసింది.

సంతోషి తనను తినేస్తున్న అనుమానం బయట పెట్టింది. ఇంత కష్టపడి ఆ వెనక పని నేర్చుకున్నాక, రేపు ఏఐ అది కూడా చేసేస్తే ఎట్లా అని అడిగింది.

"చెయ్యొచ్చు. చెయ్యదని నేను చెప్పలేను. ఈ పనికి ఢోకా లేదని ఖాయంగా చెప్పేవాళ్ళందరూ ఏదో ఒక కోర్సు అమ్ముకునేవాళ్ళే," అంది హిమశ్రీ. "నాకు అర్థమైంది ఒక్కటే. ఆ రోజు అది పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తప్పు జవాబులిచ్చింది. చూడగానే ఇది తప్పని చెప్పగలిగినవాళ్ళు మనలో ఒక్కరూ లేరు. తప్పని తెలిసేంత వరకైనా నేర్చుకోవాలి. ఆ తర్వాత చేతిలో ఏ టూల్ పెట్టినా భయం ఉండదు."

సంతోషి గుండె తేలికపడింది. మేడం సెలవిచ్చినట్టే. ఇంత కాలంగా మోసిన బరువు ఇట్టే దిగిపోయిందనుకుని, చెమ్మగిల్లిన కళ్ళతో హిమశ్రీ చేతులు పట్టుకుంది. హిమశ్రీ మెల్లగా చేతులు విడిపించుకుంది.

"ఆగు. నేను వచ్చింది వేరే సంగతి చెప్పడానికి. ఆ సీటు నేనూ అడిగాను. సెలవులు మొదలైన రోజే కల్పేశ్ భాయ్‌కి చెప్పాను. ఎవరి నోటో వినే ముందు నేనే చెబుదామని వచ్చాను."

గల్లీలో ఒక టపాకాయ పేలి, పిల్లలు గోల చేశారు. సంతోషికి ముందు ఏమీ అర్థం కాలేదు. తర్వాత మెల్లగా అర్థమైంది. ఒక్క సీటు. దానికి ఉస్తాద్ చెయ్యి చాచింది. అదే సీటుకు తనూ చెయ్యి చాచబోయింది. బాపు వింటే ఏమంటాడు? ఉస్తాద్ సాంచా మీద చెయ్యి వేసిన శిష్యుణ్ణి పాండేసరాలో ఎవరూ దగ్గరికి రానివ్వరని ఆయన నోటే ఎన్నోసార్లు వింది. ఇక ఆలోచించాల్సింది లేదనిపించి, అయితే తను అడగనని, మేడమే వెళ్ళాలని చెప్పేసింది.

హిమశ్రీ మొహం ఎర్రబడింది.

"నీకోసం నేను వదులుకోను. అది ముందు విను. మా పాప ఇంకా చిన్నది, నేను పనిచేయాల్సిన ఏళ్ళు చాలా ఉన్నాయి. ఇప్పుడు మారకపోతే బటన్ దాకా తెలిసిన మేడంగానే ఉండిపోయి, ఏదో ఒక రోజు మర్యాదగా ఇంటికి వెళ్ళిపొమ్మంటారు. కాబట్టి ఆ సీటు నాకు కావాలి. నువ్వు నాకోసం వదిలేస్తే మాత్రం నేనేమీ సంతోషించను. నన్ను ఉస్తాద్ అనమని నేనెప్పుడైనా అడిగానా?"

"అడగలే మేడం. మాకు అలవాటు."

"మీ నాన్న కథ ఇందాక విన్నాను. ఆయన గొప్ప మనిషే. సాంబయ్య కూడా మంచివాడే అయ్యుంటాడు. కానీ సాంబయ్య ఊరెళ్ళేటప్పుడు మీ నాన్నకు ఏం మిగిల్చి వెళ్ళాడో చెప్పు."

ఆ మాట సంతోషికి ముల్లులా గుచ్చుకుంది. బాపును ఇంకొకరు అలా అనడం ఆమెకు నచ్చలేదు. కోపంతో ఏదో అనబోయింది. తను మనసులో రోజూ అనుకునేది అదే మాట కావడంతో ఆగిపోయింది.   ఎల్లుండి పొద్దున తనూ అడుగుతానని, అంతకంటే ముందు బాపుకు చెబుతానని, కోపం పెట్టుకోవద్దని చెప్పింది. హిమశ్రీ తల ఊపింది. అడుగు, దొంగతనంగా మాత్రం వద్దు, అంది. ఇద్దరూ మెట్లు దిగారు.

కింద పరుశురాం కూర్చోలేదు. చేతిలో సంతోషి ఫోన్ పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ముఖం మతాబాలా వెలిగిపోతోంది. వాళ్ళు పైకి వెళ్ళగానే కల్పేశ్ భాయ్ ఫోన్ చేశాడట. సేఠ్ ఫోన్ మోగుతుంటే చూస్తూ ఊరుకోవడం పరుశురాం వల్ల కాలేదు. సాంచాల లోకంలో ముహూర్తానికి ముందు సేఠ్ కబురు పెట్టాడంటే దానికి ఒక అర్థం ఉంది. ఉంటావా, పోతావా అని అడుగుతాడు. ఇంటి పెద్ద జవాబు చెబుతాడు. అప్పుడిచ్చిన మాట, అంటే జబాన్, మళ్ళీ దీపావళి దాకా కదలకూడదు. కల్పేశ్ భాయ్‌కి ఇది కొత్తేమీ కాదు. వాళ్ళ నాన్న కూడా సాంచాలు నడిపినవాడే. కూతురు లేదంటే తండ్రినే అడిగాడు.

"పాత టీముల ఉంటదా, కొత్తదాంట్లకు పోతదా అని అడిగిండు బిడ్డా. ఉస్తాద్‌ను ఇడిసి పోదు సేఠ్, నాది జబాన్ అని చెప్పిన. ఆయన మస్తు ఖుష్ అయిండు. మేడం జాగల నిన్నే కూసోవెడ్తడట. ఆ టీమంత నీ చేతికిందనేనట." అంతవరకూ చెప్పి, అప్పుడే ఏదో తట్టినట్టు హిమశ్రీ వైపు తిరిగాడు. "మరి మీరు యాడికి పోతున్నరు మేడం?"

 లత వంటగది గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఉస్తాద్‌ను వదలనని మాట ఇస్తూనే పాపం పరుశురాం ఉస్తాద్ కుర్చీ కూతురికి ఖాయం చేసి వచ్చాడు. కొన్ని నెలల క్రితమైతే ఆ కుర్చీ వార్తకు సంతోషి ఎగిరి గంతేసేది. ఇప్పుడు అది ఏ కుర్చీయో ఆమెకు తెలుసు. బటన్ దాకా ఉన్న పనికి పెద్దరికం అది. అందులో కూర్చుంటే కొన్నేళ్ళు అందరూ మేడం అంటారు, ఆ తర్వాత పిలిచేవాళ్ళుండరు. ఆమె హిమశ్రీ వైపు చూసింది. హిమశ్రీ మొహంలో ఒక్క క్షణం హమ్మయ్య అన్నట్టు కనబడింది. పోటీ తప్పిపోయింది కదా. అది సంతోషి చూసిందని గ్రహించి హిమశ్రీ తల దించుకుంది.

"బాపు, ఫోన్ ఇయ్యి," అంది సంతోషి.

పరుశురాం ఫోన్ ఇవ్వలేదు. ఏదో తేడా ఉందని అతనికి అర్థమైంది. "జబాన్ ఇచ్చిన బిడ్డా. ముహూర్తం ముంగట ఇచ్చిన," అన్నాడు నెమ్మదిగా.

"మేడం కొత్త టీములకు పోతున్నరు బాపు. నాకు గూడ అదే పని కావాలె. ఆ కుర్చీల కూసుంటే నేను నీ తీర్గనే అయిత."

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకు తెలియలేదు. పరుశురాం కూతురి ముఖంలోకి అలాగే చూశాడు. కోపం వస్తే బాగుండును, రాలేదు. లత ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయింది. అతను ఫోన్ కూతురి చేతిలో పెట్టి, వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నాడు. సంతోషికి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడుస్తూ కూర్చుంటే ఇక ఈ ఫోన్ ఎప్పటికీ చెయ్యలేనని ఆమెకు తెలుసు. కళ్ళు తుడుచుకుని నంబర్ నొక్కింది.

కల్పేశ్ భాయ్ ఎత్తాడు. సంతోషి హిందీలో, తడబడకుండా మాట్లాడింది. బాపు మంచి మనసుతో చెప్పారని, ఆయన మాట తప్పు కాదని, కుర్చీ మాత్రం తనకు వద్దని చెప్పింది. కొత్త టీములో ఆ ఒక్క సీటు మేడం అడిగారని తెలుసు, అయినా తనూ అడుగుతున్నానంది. అవతల టీవీ చప్పుడు ఆగింది. మేడంకి ఈ సంగతి తెలుసా అని అడిగాడు కల్పేశ్ భాయ్. ఎదురుగానే ఉన్నారంది సంతోషి. అయితే ఫోన్ ఆవిడకివ్వమన్నాడు.

హిమశ్రీ ఫోన్ అందుకుంది. ఆ గది చిన్నది, ఆ ఫోన్ గొంతు పెద్దది. కల్పేశ్ భాయ్ అడిగింది అందరికీ వినబడింది.

"ఆ అమ్మాయికి పని నేర్పింది మీరే. మీ ఇద్దరి సంగతీ మీకంటే నాకు బాగా తెలియదు మేడం. ఆ సీటులో ఎవరు కూర్చోవాలో మీరే చెప్పండి. మీరు చెప్పిందే ఖాయం."

మంచం మీద పరుశురాం మెల్లగా ఇటు తిరిగాడు. నీకోసం వదులుకోనని ఇందాక మేడ మీద మొహమాటం లేకుండా చెప్పిన మనిషి, ఇప్పుడు సంతోషి కళ్ళలోకి సూటిగా చూసింది.

"చెబుతాను భాయ్," అంది హిమశ్రీ. "ముందు మీరు నాకు జబాన్ ఇవ్వండి. నేను ఎవరి పేరు చెప్పినా, ఎందుకని అడగకూడదు."